తిరువళ్ళూరు బ్యాటరీ అక్క

బ్యాటరీ అక్క చనిపోయిందని వాళ్లాయన ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను తిరుత్తణి కొండ కింద నా స్టూడియోలో ఒక పసిబిడ్డకు ఫోటో తీస్తున్నాను. అప్పుడే కొండ మీద గుండు కొట్టించి, తలకు చందనం పూసి తెచ్చారు. బిడ్డ ఏడుపులో మాట సరిగా వినబడక బయటికి వచ్చాను. గుండెపోటట. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడగడానికి లేచి, తొట్టి దగ్గరే కూర్చుండిపోయిందట. తర్వాత ఆయన, "నీ దగ్గర ఆమె ఫోటో ఒకటి ఉంటే పంపుతావా అప్పా? పోస్టరు వెయ్యాల. ఇంట్లో ఆధార్ కార్డుది తప్ప ఇంకోటి లేదు" అన్నాడు.

మా వైపు మనిషి పోతే వీధి మలుపులో ఫోటోతో పోస్టరు వేస్తారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని పాత ఫైళ్లన్నీ వెతికాను. దొరకలేదు. మా ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపులో అడిగాను. తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి దాకా అందరూ ఉన్న గ్రూపు అది. అందరూ ఆమె దగ్గర బ్యాటరీలు కొన్నవాళ్లే. గంటలోపల ఒకే ఒక్క ఫోటో వచ్చింది. అందులో గాజు బల్ల, దాని మీద ఒక బ్యాటరీ, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి ఉన్నాయి. చెయ్యి ఆమెదే. ముఖం లేదు.

పోస్టరు చివరికి ఆ ఆధార్ కార్డు ఫోటోతోనే వేశారు. అందులో ఉన్న ఆమెను నేను గుర్తుపట్టలేకపోయాను. నేను ఎరిగిన మనిషిని నాకు చేతనైనట్టు ఇక్కడ నిలబెడతాను.

సన్నటి మనిషి. నడుస్తుంటే ఎక్కడికో ఆలస్యమైనట్టు ఉండేది. పళ్లిపట్టు వైపు మగ్గం నేసే కుటుంబంలో పుట్టి, మగ్గం నేసే ఇంటికే కోడలైంది. అయితే ఆమె చేతులు నూలు పట్టినదానికంటే బ్యాటరీలు పట్టినదే ఎక్కువ. పెళ్లికి ముందూ తర్వాతా కలిపి ఏడేళ్లు శ్రీపెరుంబుదూరు వైపు ఒక కంపెనీలో బ్యాటరీలు పరీక్షించే విభాగంలో పని చేసింది. ఆ పని పోయాక తిరువళ్ళూరులో రైల్వే స్టేషను నుంచి బజారుకు పోయే సందులో, ఒక్క షట్టరు వెడల్పున్న గదిలో అంగడి పెట్టింది. బోర్డు మీద తమిళంలో 'కెమెరా బ్యాటరీ, చార్జర్' అని రెండే ముక్కలు. పేరు లేదు, దేవుడి బొమ్మ లేదు.

పొద్దున షట్టరు ఎత్తగానే చేతికున్న రెండు గాజులూ, వేలి ఉంగరమూ తీసి గోడకున్న మేకుకు తగిలించేది. అంగడి మూసేటప్పుడే మళ్లీ తొడుక్కునేది. చేతులు బోసిగా ఉన్నాయేమిటని ఎవరో ఒక ముసలమ్మ అడిగితే, "బ్యాటరీ పక్కన బంగారం ఉండగూడదు పెద్దమ్మా. రెండు మొనలకూ తగిలితే బంగారమూ ఉండదు, చెయ్యీ ఉండదు" అని చెప్పింది.

నేను మొదటిసారి ఆ అంగడికి పోయింది కోపంతో. అంతకు రెండు రోజుల ముందు కే.జీ.కండిగైలో ఒక పెళ్లి తీశాను. నాదస్వరం జోరందుకుంది, పెళ్లికొడుకు తాళి చేతిలోకి తీసుకున్నాడు, నేను కన్ను ఆనించాను. కెమెరా ఆగిపోయింది. అంతకు నిమిషం ముందు బ్యాటరీ గుర్తులో సగానికి పైగా కనిపించింది. సంచిలోంచి ఇంకో బ్యాటరీ తీసి వేసేలోపు మూడు ముళ్లూ పడిపోయాయి, అక్షింతలూ పడిపోయాయి. పెళ్లికూతురి మేనమామ నా దగ్గరికి వచ్చి, "ఏమప్పా, నీకోసరం ఇంకోతూరి కట్టమనేదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ బ్యాటరీ నేను రైల్లో అమ్ముకునేవాడి దగ్గర కొన్నది. అది పట్టుకుని తిరువళ్ళూరు అంగడికి పోయి, తమిళంలో, ఇలాంటి డబ్బా సరుకు కాకుండా మంచిది ఏదైనా ఉంటే ఇవ్వమన్నాను. ఆమె నా చేతిలోంచి బ్యాటరీ తీసుకుని గాజు బల్ల మీద పడుకోబెట్టి, ఒక మూలను వేలితో తట్టింది. అది బొంగరంలాగ తిరిగింది. మూడు చుట్లు తిరిగి ఆగింది.

"చూసినారా, పొట్టొచ్చింది" అంది, తమిళంలోనే. "అడుగు సమంగా ఉంటే ఇది తిరగదు. కడుపు ఉబ్బింది గాబట్టి తిరిగింది. దీన్ని ఇంకా కెమెరాలో పెట్టినారంటే ఒక రోజు బయటికి రాకుండా లోపలే ఇరుక్కుంటుంది. అది మంచి రోజైతే. చెడ్డ రోజైతే వేరే."

అంతలో ఆమె ఫోను మోగింది. ఎత్తి, "యాడుండావు? నూలు వచ్చిందా లేదా? సరి, అన్నం తినేసి పో" అంది. నేను తెల్లబోయి చూశాను. ఆమె ఫోను పెట్టగానే, "మీరు తెలుగోళ్లా అక్కా?" అన్నాను. ఆమె మొదటిసారి నవ్వింది. "ఇంతసేపు ఇద్దరమూ అరవంలో తన్నుకుంటా ఉండాము" అంది. ఆ రోజు నుంచి నేను తమ్ముణ్ణి, ఆమె అక్క.

ఆమె బ్యాటరీ అమ్మే పద్ధతి వేరే ఎక్కడా చూడలేదు. అడిగిన రోజున ఇచ్చేది కాదు. "పెండ్లికి పోయే బ్యాటరీ నా దగ్గర మూడు తూర్లు నిండి మూడు తూర్లు ఖాళీ కావాల. వారం ముందర చెప్పు" అనేది. చార్జరు మీదున్న ప్రతి బ్యాటరీనీ మధ్య మధ్యలో తీసి చెంపకు ఆనించుకునేది, బిడ్డకు జ్వరం చూసినట్టు. వేడి ఎక్కువనిపిస్తే పక్కన పెట్టేసేది. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. లోపలి రసం కారితే తియ్యటి వాసన వస్తుందట. ఇన్నీ అయ్యాక, ఎంత చార్జి పడుతుందో బ్యాటరీ మీద కంపెనీ అచ్చేసిన అంకెను నల్ల సిరాతో కొట్టేసి, పరీక్షలో తనకు తేలిన అంకె వేసేది. కింద తన వరుస నంబరు, తేదీ రాసేది. రెండు వేలు అని అచ్చేసిన బ్యాటరీ మీద ఆమె చేతిరాతతో పదమూడు వందలు అని ఉండేది. "ఇట్ల కొట్టేస్తే ఎవరు కొంటారక్కా?" అని నేనడిగితే, "పదమూడు వందలు అని తెలిస్తే దానికి తగ్గట్టు పనిచేసుకుంటావు. రెండు వేలు అని నమ్మినావంటే తాళి కట్టేటప్పుడు నిలబడిపోతావు" అంది. నా కే.జీ.కండిగై కథ ఆమెకు చెప్పి తప్పు చేశాననిపించింది.

వేరే కంపెనీ బ్యాటరీలు వాడొచ్చా వాడకూడదా అన్నది మా ఫోటోగ్రాఫర్లకు ఎప్పుడూ తెగని తగాదా. కెమెరా కంపెనీది కొనాలంటే ఒక్కదానికి పెట్టే డబ్బుతో వేరేవి మూడు వస్తాయి. పెళ్లి ఒక్కటే బ్యాటరీతో జరగదు. ఈ మాట మీద ఆమెకు తడుముకోవడం ఉండేది కాదు.

"కంపెనీది కొనగలిగితే కొను, మేలు. కొనలేకుంటే, తన పేరు తాను చెప్పుకునే బ్యాటరీని కొను. నేను ఫలానా, నా పేరు ఇది, నన్ను చేసింది ఈడ అని డబ్బా మీద రాసుకున్నది తప్పు చేస్తే పోయి అడగొచ్చు. ఇంకొకరి పేరు తగిలించుకొని వచ్చిందే, దాన్ని మాత్రం గడప తొక్కనియ్యొద్దు."

కొత్త కెమెరాలో వేరే కంపెనీ బ్యాటరీ వేసినప్పుడు తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది, ఈ బ్యాటరీతో మాట కలవడం లేదు, వాడమంటారా అని. చాలామంది దానికి విసుక్కుంటారు. ఆమె విసుక్కునేది కాదు. "అడిగేది న్యాయమే. ఇంట్లోకి తెలీనోళ్లు వస్తే మనం అడగమా?" అనేది.

చార్జరు కొన్న ప్రతివాడికీ ఒక మట్టి పలక ఇచ్చేది. మిద్దెల మీద పరిచే చదరపు పలక. ఎవరిదో ఇల్లు కట్టగా మిగిలినవి తెచ్చి అంగడి వెనక పేర్చి పెట్టింది. "దీని మీద పెట్టి చార్జి చెయ్యి. పరుపు మీద వద్దు, పట్టు బట్టల పక్కన వద్దు. పెట్టి ఊరిమీద పోవద్దు, కంటికి ఎదురుగా ఉండల్లా" అని ప్రతివాడికీ అదే మాట, అదే వరుసలో చెప్పేది. మేము దారిలో నవ్వుకునేవాళ్లం. నా పలక స్టూడియోలో చెప్పుల బీరువా ఊగకుండా కాలి కింద పెట్టాను.

ఇక ఆమె నిజంగా ఏమిటో నాకు తెలిసిన సంగతి చెబుతాను. ఇది చెప్పాలంటే నా అబద్ధం కూడా చెప్పాలి.

ఒక ఏడాది తమిళ ఆనిమాసంలో, పెళ్లిళ్లు చేయని ఆడి నెలకు ముందు ఆఖరి ముహూర్తాలు జోరుగా సాగుతున్న వారంలో, ఆమె లోకల్ రైలెక్కి తిరుత్తణి వచ్చి నా స్టూడియో మెట్టు మీద నిలబడింది. చేతిలో గట్టి అట్ట నోటుపుస్తకం, భుజాన బరువైన సంచి. ముఖం వాడిపోయి ఉంది.

"మాసి నెలలో నా దగ్గర మూడు బ్యాటరీలు తీసుకున్నావు. ఇరవై, ఇరవైయొకటి, ఇరవైరెండు నంబర్లు. ఇచ్చెయ్యి" అంది.

"ఎందుకక్కా? బాగానే పనిచేస్తా ఉండాయి కదా."

"షోళింగరు ఫోటో ఆయన దగ్గర ఒకటి ఉబ్బింది. నా దగ్గర మిగిలినవాటిని మళ్లా పెట్టి చూసినా. ఒకటి నిండినాక కూడా ఆగలేదు, తాగుతానే ఉండాది. ముట్టుకుంటే చెయ్యి కాలింది. పైన కాగితం అదే, లోపల సరుకు మార్చినారు. నేను మూడు తూర్లు చూస్తే చాలనుకున్నా. ఇది ముప్పై తూర్లు అయినాక బయటపడే జబ్బు." ఆమె సంచి ఇంకో భుజానికి మార్చుకుంది. "నేను చూసి ఇచ్చినవి తమ్ముడూ. నా చేతిరాత ఉండాది వాటి మీద."

ఆ సరుకులో ముప్పై ఆరు అమ్మిందట. ఫోను చేస్తే కొందరు తెచ్చి ఇచ్చారు. ఇవ్వనివాళ్ల దగ్గరికి తనే రైళ్లూ బస్సులూ ఎక్కి పోతోంది. కొన్న డబ్బు అప్పటికప్పుడు చేతిలో పెడుతోంది.

"బదులు వేరేవి ఇస్తావా?"

"వారంలో ఇస్తా. మూడు తూర్లు కాదు, ఈసారి ఇంకా ఎక్కువ చూడాల."

నాకు ఆదివారం పెళ్లి ఉంది. రెండు కెమెరాలు. ఆ మూడు బ్యాటరీలు నాలుగు నెలలుగా నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఎక్కడో షోళింగరులో ఒకటి ఉబ్బితే నాదెందుకు ఉబ్బుతుంది అనుకున్నాను. లోపలికి పోయి రెండు తెచ్చి ఇచ్చాను.

"ఇరవైరెండు?"

"అది పోయిందక్కా."

"పోయిందా? యాడ?"

తడుముకోకుండా అబద్ధం వచ్చేసింది. "కొండ మీద. పోయిన వారం ఒక చెవులు కుట్టే ఫంక్షన్ తీయడానికి పోయినప్పుడు, మెట్ల కాడ యాడనో జారిపోయింది."

ఆమె నా ముఖంలోకి చూసింది. అనుమానంతో కాదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చూసింది. నోటుపుస్తకం తెరిచి ఇరవైరెండో నంబరు ఎదురుగా 'కొండ మెట్లు' అని రాసుకుంది. నీళ్లు కూడా తాగకుండా దిగి వెళ్లిపోయింది. ఆ బ్యాటరీ అప్పుడు నా కెమెరా సంచి పక్క జేబులో ఉంది.

ఆదివారం పెళ్లికి పోతూ చెప్పుల బీరువా కింద నుంచి మట్టి పలక లాగి సంచిలో వేసుకున్నాను. ఎందుకంటే భయం ఉంది. ఒప్పుకోలేదు గానీ ఉంది. మండపంలో పెళ్లికూతురి గదిలో ఒక మూల ఆ పలక వేసి, దాని మీద చార్జరు పెట్టి, ఇరవైరెండును తగిలించాను. పక్కనే పట్టుచీరల పెట్టెలు ఉంటే రెండు మూరలు అవతలికి జరిపించాను. పెళ్లికూతురి పిన్నమ్మ విసుక్కుంది.

పెళ్లికూతురికి జడ అల్లుతుంటే తీస్తున్నాను. వెనక నుంచి నూనెలో నీటిచుక్క పడ్డట్టు చిటపటమని వినబడింది. తిరిగేసరికి తెల్లటి పొగ. ముక్కు మండిపోయే వాసన. చూస్తుండగానే బ్యాటరీ పగిలి మంట లేచింది, మూరెడు ఎత్తు. ఆడవాళ్లు కేకలు పెట్టుకుంటూ తలుపు వైపు పరుగెత్తారు. నేను తీగ లాగేసి, ట్రైపాడ్ కాలితో పలకను నెట్టుకుంటూ వరండాలోకి తోశాను. చార్జరు కరిగి పలకకు అంటుకుపోయింది. పలక నల్లబడి రెండుగా చీలింది. కింద గచ్చుకు మచ్చ కూడా పడలేదు. నా చేతి మీద రూపాయి బిళ్లంత చోట కాలింది, అంతే. లోపల హోమం పొగ అనుకుని ఒక ముసలాయన కళ్లు మూసుకుని దండం పెడుతున్నాడు.

"ఏమైంది?" అని అందరూ అడిగారు. "చార్జరు షార్టైంది" అన్నాను. రెండో అబద్ధం.

అక్కకు చెప్పాలి. చెప్పలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఆమె ఫోను చేసినా ఎత్తలేదు. ఆనిమాసం అయిపోయింది, ఆడి వచ్చింది. స్వామి పండగైన ఆడికృత్తికకు తిరుత్తణి కొండ మీదికి కావడి మోసుకొచ్చే జనం గురించి మీకు చెప్పనక్కర్లేదు. దానికి వారం ముందు, ఒక మంగళవారం పొద్దున, పండగనాడు కెమెరా పెట్టడానికి మంచి చోటు చూసుకుందామని మెట్లెక్కుతున్నాను. సగం దాటాక, పూలూ కర్పూరమూ అమ్మే అంగళ్ల వరుసలో ఒక ఆడమనిషి మోకాళ్ల మీద కూర్చుని, బల్ల కింద చేయి పెట్టి చీపురుపుల్లతో ఏదో లాగుతోంది. లేచి చీర దులుపుకుంటుంటే చూశాను. బ్యాటరీ అక్క.

"అక్కా! మొక్కుబడా?" అన్నాను.

"మొక్కుబడేంది, నీ ఇరవైరెండు కోసం" అంది, మామూలుగా. "ప్రతి మంగళవారం అంగడి మూసి వస్తా ఉండా. ఊడ్చేవాళ్లందరికీ చెప్పినా. ఈ పూలమ్మాయి రోజూ చూస్తాది పాపం. ఎండలో పడుంటే అది ఊరికే ఉండదు. ఇంక వారంలో ఇంత జనం వస్తారు. ఎవరి బిడ్డన్నా మెరుస్తా ఉండాదని ఎత్తుకొని నోట్లో పెట్టుకుంటే?"

పూలమ్మాయి నాకేసి తిరిగి, ఈ అక్క అయిదు వారాలుగా వస్తోందని, ఒక రోజు పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా కూర్చుని కూర్చుని దిగిందని తమిళంలో చెప్పింది.

మెట్టు మీద కూర్చుని అంతా చెప్పేశాను. సంచి జేబు, పెళ్లి, మంట, చార్జరు షార్టైందన్న మాట, ఎత్తని ఫోన్లు. ఆమె మధ్యలో ఒక్క మాటే అడిగింది.

"ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"లేదక్కా. నా చెయ్యి కొంచెం."

చెయ్యి పట్టుకుని మచ్చ చూసింది. వదిలేసి, సంచిలోంచి నోటుపుస్తకం తీసి, 'కొండ మెట్లు' అన్నది కొట్టేసి 'కాలిపోయింది' అని రాసింది. తర్వాత నాకు రెండు మెట్లు పైన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"నాకు అబద్ధం చెప్పినావని కాదు తమ్ముడూ" అంది కడకు. "ఈ అయిదు వారాలు నేను కొత్త బ్యాటరీ ఒకటి గూడా అమ్మలేదు. నాది ఒకటి యాడనో మంట పెట్టుకొని తిరుగుతా ఉంటే ఇంకోటి ఎట్ల అమ్మేది? మా ఆయన నన్ను పిచ్చిదంటా ఉండాడు. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడంతా ఒక బిడ్డ కనపడతా ఉంటాది నాకు, చేతిలో అది పట్టుకొని."

నేను కాళ్లు పట్టుకోబోతే విదిలించింది. "అవన్నీ వద్దు. మీ ఫోటోగ్రాఫర్ల సంఘం మీటింగు ఎప్పుడు?"

"ఎల్లుండి మధ్యాహ్నం. పండగ ఏర్పాట్ల గురించి."

"అందరి ముందర లేచి ఇది చెప్పు, ఇప్పుడు నాకు చెప్పినట్టే. దాచిపెట్టింది గూడా చెప్పు. నేను చెప్పినాననుకో, సరుకు అమ్ముకునే ఆమె చెప్తా ఉండాది అంటారు. కాలినోడు చెప్పల్ల."

మీటింగు తిరుత్తణిలో ఒక చిన్న హాల్లో. ముప్పై మందికి పైగా వచ్చారు. అక్క వెనక కుర్చీలో కూర్చుంది, కాళ్ల దగ్గర ఇసుక నింపిన రెండు ఇనప బకెట్లు పెట్టుకుని. నేను లేచాను. పెళ్లిళ్లలో వేయి మంది ముందు ధైర్యంగా తిరిగే నేను ఆ ముప్పై మంది ముందు కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. అయినా చెప్పాను. చెవులు కుట్టే ఫంక్షన్ అబద్ధంతో మొదలుపెట్టి మెట్ల మీద వెతుకుతున్న మనిషి దాకా. ఎవరూ నవ్వలేదు.

సంఘంలో పెద్దాయన ఒకరు, అందరూ అన్నా అని పిలిచేవారు, చేతులు కట్టుకుని, "ఇంత కథ దేనికిలే. వేరే కంపెనీది కొనొద్దు, అసలుది కొనండి అని ఒక్క మాట చెప్తే అయిపాయ" అన్నారు. "నేను ముందునుంచీ అసలుదే. నాకేమన్నా అయిందా?"

అక్క లేచి ముందుకు వచ్చింది. "అన్నా, మీ అసలుది ఒకసారి ఇస్తారా?"

ఆయన ధీమాగా సంచిలోంచి తీసి ఇచ్చారు. పెద్ద కంపెనీ పేరు, మెరిసే ముద్ర, అన్నీ ఉన్నాయి. అక్క తన సంచిలోంచి అదే రకం అసలు బ్యాటరీ ఒకటి, విప్పని డబ్బాలోంచి తీసి, రెండూ ఆయన రెండు అరచేతుల్లో పెట్టింది.

"కండ్లు మూసుకొని చెప్పండి అన్నా. ఏది బరువు?"

ఆయన కళ్లు మూసుకున్నారు. హాలంతా ఆయన చేతులనే చూస్తోంది. కుడిచెయ్యి కొంచెం పైకి లేచింది. ఆయన కళ్లు తెరిచి, లేచిన చేతిలో ఉన్నది తనదేనని చూసుకున్నారు.

"యాడ కొన్నారు?"

ఆయన తగ్గిన గొంతుతో ఏదో ఊరి పేరు చెప్పి, సగం ధరకు ఇస్తే తీసుకున్నానన్నారు.

"తేలికగా ఉండేది దొంగ పేరుతో వచ్చింది. మీ తప్పు కాదన్నా. వేరే కంపెనీది అని తెలిస్తే మీరు ఒక కన్ను వేసి పెట్టుకుందురు. అసలుదని నమ్మినారు గాబట్టి పరుపు మీద పెట్టి చార్జి చేస్తారు." ఆమె అందరి వైపు తిరిగింది. "నేను మూడు తూర్లు చూసి ఇచ్చింది గూడా తప్పిపోయింది. అది నా తప్పు. ఇంక ప్రతి సరుకులో ఒకటి తీసి నలభై తూర్లు చూస్తా. నేను అమ్మినవే కాదు, యాడ కొన్నదైనా సరే, పొట్టొచ్చిందీ, వేడెక్కేదీ, మీకు అనుమానం ఉండేదీ ఇక్కడ పెట్టండి. ఎవరు కొన్నారని నేను అడగను."

మొదట పెద్దాయనే తన బ్యాటరీని బల్ల మీద పెట్టారు. తర్వాత షోళింగరు ఆయన. తర్వాత సంచుల జిప్పులు ఒకటొకటిగా తెరుచుకోవడం వినబడింది. ఒకాయన కెమెరాలోంచి బ్యాటరీ ఊడిరాక గోరుతో గింజుకుంటుంటే అక్క పోయి సన్నటి ప్లాస్టిక్ పుల్లతో మెల్లిగా లాగింది. చూస్తుండగా బల్ల నిండిపోయింది. ఉబ్బినవి, కారినవి, పేర్లు చెరిగిపోయినవి. ఇన్ని పెట్టుకుని మేము పెళ్లిళ్లలో పట్టుచీరల మధ్య తిరిగామా అని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అక్క గాజులు తీసి కొంగున ముడేసుకుని కూర్చుంది. ఒక్కొక్క బ్యాటరీ మొనలకు టేపు అంటించి, ఒకదానికొకటి తగలకుండా ఇసుకలో పాతిపెట్టింది. మేమూ టేపు చించి ఇచ్చాం. తిరువళ్ళూరులో ఇలాంటి వ్యర్థాలు తీసుకుపోయే కంపెనీ బండి మర్నాడు వస్తుందట. ఆ లోపల తనే అక్కడికి చేర్చుతానంది. రైల్లో తీసుకుపొమ్మంటే ఒప్పుకోలేదు. "అంతమంది మధ్యలో ఇన్నింటిని ఎక్కించేది తప్పు" అని ఒక చిన్న లోడు ఆటో మాట్లాడుకుంది.

బకెట్లు రెండూ బండి వెనక చివర పెట్టించి తాడుతో కట్టించింది. తర్వాత తను కూడా వెనకే ఎక్కబోయింది.

"ముందర డ్రైవరు పక్కన కూర్చో అక్కా, ఎండగా ఉండాది" అన్నాను.

"అవి నాకు కనపడతా ఉండల్లా" అని ఎక్కి, క్యాబిన్‌కు వీపు ఆనించి కూర్చుంది.

"నేనూ వస్తా."

"నువ్వు యాడికి? పండగ పని పెట్టుకొని. పో, ఉండే బ్యాటరీలు చార్జికి పెట్టుకో. ఎదురుగా కూర్చో."

డ్రైవరు తొంగిచూసి, "ఏందమ్మా ఇంత భద్రం? బాంబులా?" అన్నాడు.

"కాదప్పా, అందరి పెండ్లిండ్లూ తీసినవే" అంది. "గుంతలు చూసుకొని మెల్లిగా పోనీ."

బండి కదిలింది. చెన్నై రోడ్డు మలుపు తిరిగేదాకా మేమంతా హాలు బయట నిలబడి చూశాం. ఆమె మా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఒక చెయ్యి బండి అంచు మీద వేసి, కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు ఆ రెండు బకెట్ల మీదే పెట్టి, నిటారుగా కూర్చుని పోయింది.